‘ఓన్లీ’ అను మాట

పలాస స్టేషనులో దిగిన పరదేశి యొకడు “మీ దేయూరు?” అని ఆంగ్లమున నడిగినచో, మనవారిలో పెక్కురు “ఐ యామ్ ఫ్రమ్ పలాస ఓన్లీ” అని బదులు చెప్పుదురు. “మాది పలాసే” యని వారి భావము. ఆ పరదేశి మాత్రము “రెండూళ్లవాడవా యని నే నడుగలేదే!” యని వింతపడును.

దీనికి కారణము మన ఏకారము. తెలుగున అది రెండు పనులు చేయును. “టెక్కలిలోనే దొరకును” అన్నప్పుడు తక్కిన యూళ్లను తోసివేయును. “మాది పలాసే” అన్నప్పుడు దేనిని తోసివేయక, చెప్పిన మాటను గట్టిపఱచును. ఆంగ్లమున ‘ఓన్లీ’ యను క్రియావిశేషణమునకు మొదటి పనియే ప్రధానము. “పిల్లవాడు మాత్రమే” యని తక్కువచేసి చెప్పుటకును దానిని వాడుదురు. హిందీలోని ‘హీ’ మన ఏకారము వంటిదే. కావుననే “పలాస ఓన్లీ” వంటి వాడుక దేశమున పలుచోట్ల వినవచ్చును. మనలో మనము మాటలాడుకొనునప్పుడు దీనిని తప్పనుట నాకు సమ్మతము కాదు. పరదేశమునకు వ్రాయు జాబులో మాత్రము విడుచుట మేలు.

ఇక నీ పదము ఎచట నుండవలెనన్నది ముఖ్యము. “రాముడు టెక్కలిలో కొబ్బరికాయలు అమ్మెను” అను వాక్యమును ఆంగ్లమున వ్రాసి, రాముని పేరునకు ముందు ‘ఓన్లీ’ చేర్చినచో, అతడొక్కడే అమ్మెనని యర్థము. కొబ్బరికాయలకు ముందు చేర్చినచో జీడిపప్పు అమ్మలేదని. టెక్కలికి ముందు చేర్చినచో పలాసలో అమ్మలేదని. సంభాషణలో ఆంగ్లేయులే దానిని క్రియకు ముందుంచి, కంఠస్వరముతో భావము తెలుపుదురు. కాగితమునకు కంఠము లేదు గదా!

ఉద్దానము సీమలో ఈ భేదము వ్యాకరణముతో తీరునది కాదు. అచట మూత్రపిండముల వ్యాధి ఎన్నో గ్రామములను బాధించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. మందుచీటీలు ఆంగ్లమున నుండును. ఇంట వానిని చదివి చెప్పువాడు తఱచుగా బడిపిల్లవాడే. “టేక్ దిస్ టాబ్లెట్ ఓన్లీ ఆఫ్టర్ ఫుడ్” అనగా ఈ మాత్రను భోజనము తరువాతనే వేసికొనవలెనని. “టేక్ ఓన్లీ దిస్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్” అనగా భోజనము తరువాత ఈ మాత్ర నొక్కదానినే వేసికొనవలెనని. మొదటి దానిని రెండవ విధముగ చదివి చెప్పినచో, నాయనమ్మ భోజనానంతరపు తక్కిన మాత్రలు మానివేయును.

ఆ వ్యాధిని గూర్చిన చర్చలోను ఇట్టిదే చిక్కు. “నీరు కారణము కావచ్చును” అనుట వేఱు, “నీరే కారణము” అనుట వేఱు. త్రాగునీరు, ఎండలో శ్రమ, నొప్పిమాత్రలు, వంశపారంపర్యము మున్నగు పెక్కింటిని పరిశోధకులు పరిశీలించిరి; ఇదియే కారణమని యింతవరకు నిర్ధారింపలేదు. అయినను నోటినుండి నోటికి పోవునప్పటికి ఆ మాటకు ఏకార మొకటి వచ్చి చేరుచున్నది.