ముయ్యికి పోయే విద్య

అనంతపురం జిల్లా పడమటి అంచున, బళ్ళారి సీమకు దాపున ఉన్న మండల కేంద్రము విడపనకల్లు. అక్కడి వానను నమ్మి ముహూర్తము పెట్టుకొనుటకు వీలులేదు. జిల్లా సగటు వర్షపాతమే సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేళకు రాదు. వచ్చినప్పుడు నల్లరేగడి పదును ఆరకమునుపే విత్తనము పడవలెను. ఆ నాలుగు దినములలో ఒక్క ఇంటి చేతులు చాలవు గనుక, నీ చేనికి నేను, నా చేనికి నీవు అనే ఏర్పాటు రాయలసీమ పల్లెలలో ఏర్పడినది. దానిని 'ముయ్యి' అంటారు. సరిహద్దు దాటి కన్నడ దేశమునకు పోయినను మాట అదే. అందులో కూలి లేదు, పత్రము లేదు. ఎవరికి ఎవరు ఎన్ని దినములు బాకీయో మాత్రము ఇరువురికీ తెలుసును.

కంప్యూటరు లోకములో ఓపెన్ సోర్స్ అని పేరుపొందిన పద్ధతి ఈ ముయ్యికి దగ్గరి చుట్టము. సాఫ్ట్‌వేర్‌ను వ్రాసినవారు దాని మూలరచనను, అనగా సోర్స్ కోడ్‌ను, దాచుకొనక నలుగురి ముందుంచుతారు. చదువుటకు, వాడుటకు, మార్చుటకు, పంచుటకు లైసెన్సు ద్వారా అనుమతి నిస్తారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికకు, 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే హెల్సింకీ విద్యార్థి బయటపెట్టిన లినక్స్‌కు ఇదియే పునాది. అయితే ఒక భేదమున్నది. ముయ్యిలో బాకీ తీర్చువాడు పొరుగు రైతే. ఇక్కడ మీ పనికి బదులు మీరెన్నడును చూడని మనిషి నుండి వస్తుంది. ఒక్కొక్కసారి రాకనే పోతుంది.

ఇది ఇంగ్లీషు ధారాళముగా వచ్చినవారి వ్యవహారమనియు, నగరములలోని ఇంజనీర్ల పని అనియు పల్లె విద్యార్థి జంకుతాడు. ఆ జంకు వలన కలిగే నష్టము అతనిది మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. జకార ఞకారములు కలిసిన 'జ్ఞా' యొక్క ఒకానొక కూర్పు తెరమీదికి రాగానే ఐఫోనులలోని అనువర్తనములు కుప్పకూలినవి. విజ్ఞానమునకు, ఆజ్ఞకు నిలయమైన అక్షరము! ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన సవరణను విడుదల చేసినది. ఆలస్యము చేసినదని అనరాదు. కాని అక్షరము మనది, తలుపు వారిది. లోపలి రచన మూసి ఉన్నది గనుక, కోట్లాది తెలుగువారిలో ఎంతటి నిపుణుడైనను లోనికి పోయి చూడలేక, బయట నిలిచి ఎదురుచూడవలసినదే.

తలుపు తెరచియున్నచోట ఏమి జరుగునో చెప్పుటకు 'పద్మ' చాలును. ఇరవై యేండ్ల క్రిందట తెలుగు పత్రికలు ఇంటర్నెట్టులో ఎవరి ఫాంటు సంకేతములతో వారు వెలువడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో కనబడేవి అక్షరములు కావు, పిచ్చి గీతలు. వెన్న నాగార్జున ఆ సంకేతములను యూనికోడ్‌లోనికి మార్చే పద్మను రచించి, స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును వీరే. తెలుగుతో మొదలైన పద్మ తమిళము, మలయాళము మొదలైన లిపులకు కూడ వ్యాపించినది. క్రొత్త ఫాంటును చేర్చవలెనన్న, ఏ గుర్తు ఏ అక్షరమునకు చెల్లునో పట్టిక వ్రాయవలెను. ఆ పనికి ప్రోగ్రామింగు కంటె అక్షరజ్ఞానమే ముఖ్యము.

విడపనకల్లు విద్యార్థి ఒకడు ఈ పనికి పూనుకొన్నాడనుకొందము. అతనికి ఊరిపేరే మొదటి పరీక్ష. ఏదో ఒక ఫాంటులో 'విడపనకల్లు' అని కొట్టగా చివరి లకారపు ఒత్తు క్రింది పంక్తిని తాకుచున్నది. విసుగుకొని ఊరకుండుట సులభము. అట్లుగాక, అవే అక్షరములను మరియొక ఫాంటులో చూడవలెను. అక్కడ సరిగా ఉన్న, తప్పు బహుశః ఫాంటుది. ఏ ఫాంటులోనైనను చెడియున్న, అక్షరములను కూర్చే పరికరమును శంకింపవలెను; ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ మొదలైనవాటిలో ఆ పని చేసే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్సే. తరువాత, ఈ తప్పును ఇంతకుముందే ఎవరైనను తెలిపినారేమో వెదకవలెను. ఎవరును తెలుపకున్న తానే వ్రాయవలెను: ఏ ఫాంటు, ఎన్నవ కూర్పు, ఏమి కొట్టినది, ఏమి రావలసినది, ఏమి వచ్చినది, ప్రక్కన తెర చిత్రము. ఇంగ్లీషు పొట్టి మాటలలో ఉన్నను చాలును. 'తెలుగు సరిగా రాలేదు' అని వ్రాసిన లేఖ ఎవరికిని అక్కరకు రాదు; తెలుగు రాని నిర్వాహకునకు ఏది సరియైనదో మనము గీచి చూపవలెను.

తానే సవరింపగలిగిన మరియు మంచిది. ముందుగా ఆ ప్రణాళిక వారి నియమములను చదువవలెను. మూలమునకు తన నకలు తీసికొని, వేరొక శాఖలో ఒక్క తప్పునే దిద్ది, పరీక్షలు నడిపి, ఎందుకు దిద్దినదియు రెండు వాక్యములలో చెప్పి పంపవలెను. పది మార్పులు ఒక్కటిగా కట్టి పంపినవాడు, చూచువానికి శత్రువు. ఆ చూచువాడు తరచుగా జీతము లేనివాడే. జవాబుకు వారములు పట్టవచ్చును. మార్చి పంపుమనిన మార్చవలెను, నొచ్చుకొనరాదు. కడపలో బ్రౌను దొర పండితులచేత ప్రతులు సరిచూపించినప్పుడు కూడ ఒకరి పాఠమును ఒకరు కొట్టివేయకుండ పని జరిగియుండదు.

కోడ్ జోలికి పోనివారికి అనువాదమున్నది. వికీపీడియాను నడిపే మీడియావికీలోని మాటలను ట్రాన్స్‌లేట్‌వికీ అనే వేదికలో ఎవరైనను తెలుగు చేయవచ్చును. ఇంగ్లీషులో ఫైలు అన్నదానికి తెలుగు వికీపీడియా పెట్టుకొన్న పేరు దస్త్రము. 1984లో కరణీకములు రద్దయినవి గాని, కరణము చంకలోని దస్త్రము ఇట్లు కంప్యూటరులో కొలువు తీరినది. ఇటువంటి మాటలు సీమలో ఇంకను ఎన్ని ఉన్నవో సీమవారే చెప్పవలెను. 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి వంకల పేర్లు, చెరువుల పేర్లు తెలుగులో చేర్చుట మరియొక పని. అయితే వేరొక సంస్థ పటమును చూచి ఎక్కింపరాదు, స్వయముగా తెలిసినదే వ్రాయవలెను.

మార్పు ఆమోదము పొందిన దినమున, చేసినవారి పేరు, తేదీ ఆ ప్రణాళిక చరిత్రలో నమోదవుతవి. ఫాంటులోని సవరణ మాత్రము మరుసటి విడుదలతో గాని ఫోనులకు చేరదు. ఆ లోపల మరియొక ఒత్తును పరీక్షించి చూడవచ్చును.