ఘాటు రోడ్డు ఎక్కే ముందు బండిలో మందుల పెట్టె ఉందా?

కార్తీక సోమవారాలు వచ్చినా, శివరాత్రి వచ్చినా, ఉగాది వచ్చినా మార్కాపురం, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల పల్లెల నుంచి శ్రీశైలం బయలుదేరే మోటారు సైకిళ్లకు లెక్క ఉండదు. వెనుకటికి దోర్నాలలో బస్సు కోసం పడిగాపులు కాసేవారు. ఇప్పుడు ఇంటికో బండి వచ్చింది. తెల్లవారుజామున ఇంత పులిహోర మూటగట్టుకుని, ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకుని, వెనుక భార్యనో, తల్లినో కూర్చోబెట్టుకుని బయలుదేరుతున్నారు. చక్రాల్లో గాలి చూసుకుంటారు, బ్రేకులు చూసుకుంటారు. దారిలో దెబ్బ తగిలితే కట్టు కట్టడానికి మూరెడు శుభ్రమైన గుడ్డ ఉందా అని చూసుకునేవారు మాత్రం తక్కువ.

పెద్దదోర్నాల దాటితే శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడవునా నల్లమల అడవి, ఎత్తుపల్లాలు, మలుపులు. వన్యప్రాణుల రక్షణ కోసం రాత్రిపూట ఈ దారిని మూసివేస్తారు. పగటిపూట కూడా చాలాచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. మందుల షాపు కనిపించదు. మలుపులో ఇసుక మీద బండి జారవచ్చు, కోతి అడ్డం రావచ్చు. అప్పుడు 108 బండి వచ్చేదాకా గాయపడిన మనిషిని కాపాడవలసింది పక్కన ఉన్నవారే. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయినా అడవి దారిలో కబురు అందాలి, బండి రావాలి. ఈలోగా నెత్తురు ఆగదు.

షోరూములో ఇచ్చింది ఏమైంది?

కొత్త బండి కొన్నప్పుడు పనిముట్ల సంచితో పాటు చిన్న ప్రథమ చికిత్స కిట్టు కూడా ఇస్తారు. చాలామంది దాన్ని విప్పి కూడా చూడరు. బీరువాలో పడేసేవారు కొందరు, డిక్కీలో పెట్టి మరిచిపోయేవారు కొందరు. నాలుగేళ్ల తరువాత తీసి చూస్తే ప్లాస్టరు అంటుకోదు, మందు గడువు దాటిపోయి ఉంటుంది. ఇంట్లో ఆ కిట్టు ఉంటే ముందు దాన్ని బయటికి తీయాలి. పనికివచ్చేవి ఉంచుకుని, పాడైనవి పారేసి, కొరవడినవి కొనుక్కోవాలి. అన్నీ కొత్తగా కొన్నా నాలుగైదు లీటర్ల పెట్రోలు ఖర్చుకు అటూ ఇటూగా సరిపోతుంది.

పెట్టెలో ఉండవలసినవి

గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ టిఫిను డబ్బా అయినా చాలు. వాన నీరు, దుమ్ము చొరబడకూడదు. అందులో ఈ వస్తువులు సర్దుకోవాలి.

పొట్లాల్లో వచ్చే గాజు గుడ్డ పది ముక్కలు, దూది ఒక చుట్ట, చుట్టు కట్టు గుడ్డలు నాలుగు. మడమ బెణికితే చుట్టడానికి సాగే క్రేపు బ్యాండేజి ఒకటి. అంటించే ప్లాస్టరు చుట్ట, చిన్న పట్టీలు. గీరుకుపోయిన చోట రాయడానికి పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంటు. రబ్బరు చేతి తొడుగులు రెండు జతలు. ఎదుటివారి నెత్తురు మన చేతికి తగలకుండా ఇవి కాపాడతాయి. చిన్న కత్తెర, పిన్నీసులు, టార్చిలైటు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. నొప్పికి పారాసిటమాల్ మాత్రలు కొన్ని. నెత్తురు కారే గాయం ఉన్నవారికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. అది నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుంది. బీపీ, షుగరు, ఆయాసం ఉన్నవారు రోజూ వాడే మందులు రెండు రోజులకు సరిపడా వేరే పొట్లంలో పెట్టుకోవాలి.

వీటితో పాటు రెండు లీటర్ల మంచినీళ్లు తప్పనిసరి. తాగడానికే కాదు, గాయం కడగడానికీ అవే దిక్కు. మన రైతుల భుజం మీద ఉండే తువ్వాలు కూడా మంచి వైద్య పరికరమే. చెయ్యి విరిగినప్పుడు దాన్ని మడిచి మెడకు వేలాడగట్టవచ్చు. నెత్తురు కారుతుంటే ఒత్తి పట్టవచ్చు.

ఒక చీటీ మీద పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు, పాత జబ్బులు, ఇంటివారి ఫోను నంబర్లు రాసి లైసెన్సుతో పాటు జేబులో ఉంచుకోవాలి. స్పృహ తప్పిన మనిషి తరఫున ఆ చీటీ మాట్లాడుతుంది.

నెత్తురు ఆపడమే మొదటి పని

పెట్టె ఉంటే సరిపోదు, వాడడం తెలియాలి. బండిని, మనిషిని రోడ్డు మీద వదిలి గుమిగూడితే వెనుక వచ్చే లారీతో మరో ప్రమాదం జరుగుతుంది. మలుపుకు ముందు ఒకరు నిలబడి వచ్చే వాహనాలను హెచ్చరించాలి. తరువాత గాయం చూడాలి.

నెత్తురు ధారగా కారుతుంటే గాజు గుడ్డను, అది లేకపోతే ఉతికిన గుడ్డను గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదమాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. కనీసం పది నిమిషాలు చెయ్యి తీయకూడదు. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన మరొకటి వేసి అదమాలి. గాయంలో పుల్ల, ఇనుప ముక్క దిగబడి ఉంటే లాగకూడదు. అది కదలకుండా చుట్టూ గుడ్డ పేర్చి కట్టాలి.

రోడ్డు మీద గీరుకుపోయిన మోకాలికి, మోచేతికి ముందుగా నీళ్లు ధారగా పోసి ఇసుక, మట్టి పోయేలా కడగాలి. ఆ తరువాతే మందు. పసుపు, కాఫీ పొడి, కిరోసిన్, పెట్రోలు వంటివి గాయానికి తగలనివ్వకూడదు. వీటివల్ల గాయం చెడుతుంది, డాక్టరుకు దాని లోతు తెలియదు. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షను అవసరమా అన్నది ఆసుపత్రిలో అడగాలి.

సైలెన్సరు తగిలి కాలడం బండి వెనుక కూర్చునే ఆడవారికి, పిల్లలకు తరచూ జరిగేదే. కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లని నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి పూయకూడదు. బొబ్బలు చిదపకూడదు.

ఎముక విరిగిందని అనుమానం వస్తే సరిచేయబోకూడదు. ఉన్న తీరునే కర్ర బద్దనో, దళసరిగా మడిచిన దినపత్రికనో ఆనించి, విరిగిన చోటికి పైనా కిందా కట్టాలి. తలకు, మెడకు, నడుముకు దెబ్బ తగిలినవారిని ఆటోలో కుదేసి తీసుకుపోవడం వల్ల వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్టు తీయనక్కరలేదు. ఊపిరి ఆడకపోతే మాత్రం ఒకరు మెడ కదలకుండా పట్టుకోగా మరొకరు మెల్లగా తీయాలి. స్పృహలో లేనివారికి నీళ్లు తాగించకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అడవి దారి కాబట్టి పాముకాటు సంగతీ మరువరాదు. కాటు చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం పాత పద్ధతులు. వాటివల్ల కీడే ఎక్కువ. ఆ మనిషిని నడవనివ్వకుండా, కాటు పడిన కాలో, చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. నాటు మందుల కోసం తిరిగితే పోయేది ప్రాణమే.

సిగ్నలు లేని చోట ఎదురు వచ్చే ఆర్టీసీ బస్సునో, కారునో ఆపి కబురు పంపాలి. అటవీ చెక్‌పోస్టులో చెప్పినా ఫలితం ఉంటుంది. 108కు చెప్పేటప్పుడు దగ్గరలోని కిలోమీటరు రాయి మీద ఉన్న ఊరి పేరు, అంకె చదివి చెబితే బండి తిన్నగా అక్కడికే వస్తుంది.

సాయం చేస్తే కేసు ఉండదు

దారిన పడిన మనిషిని చూసి కూడా, పోలీసుల చుట్టూ తిరగాలేమోనన్న భయంతో బండి ఆపకుండా పోయేవారు ఉన్నారు. ఆ భయం ఇప్పుడు అక్కరలేదు. సాయం చేసేవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవారిపై కేసులు పెట్టడానికి వీలులేదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రిలో నిలిపివేయకూడదు.

గాయపడినవారికి ఖర్చు భయం కూడా కొంత తగ్గింది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు చెల్లించకుండా చికిత్స అందుతుంది. ప్రమాదం జరిగిన మొదటి గంటలో ఆసుపత్రికి చేరడం ప్రాణానికి ఎంతో ముఖ్యం.

దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి

ఎండకు సీటు కింద పెట్టె కాగిపోతుంది. మందులు చెడతాయి. అందుకే ఏడాదికి రెండుసార్లు పెట్టె విప్పి చూడాలి. దసరాకు ఆయుధ పూజ నాడు ఎలాగూ బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ రోజే పెట్టె తీసి గడువు తేదీలు చూసుకోవాలి. వేసవి తగలకముందు ఉగాదికి మరోసారి చూసుకోవాలి. వాడిన వస్తువు స్థానంలో ఆ వారంలోనే కొత్తది పెట్టాలి.

ఈ పెట్టె యాత్రలకే అనుకోకూడదు. తెల్లవారకముందే పాల క్యానులతో బయలుదేరేవారికి, పలకల గనుల్లో పనికి పోయేవారికి, మిర్చి, పత్తి చేలకు పిల్లలను ఎక్కించుకుని పోయేవారికి కూడా అవసరమే. ఊరిలో పదిమంది యువకులు ఒక ఆదివారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, కట్టు కట్టడం, నెత్తురు ఆపడం నేర్పమని అక్కడి సిబ్బందిని అడగవచ్చు.

పెట్టెలో పట్టని రక్షణ ఒకటి ఉంది. అది హెల్మెట్టు. తలకు తగిలే దెబ్బకు ఏ పెట్టెలోనూ మందు లేదు. నడిపేవారు, వెనుక కూర్చునేవారు ఇద్దరూ పెట్టుకుని, దోర్నాల చెక్‌పోస్టు దాటకముందే పెట్టె ఎక్కడుందో వెనుకవారికి కూడా చెప్పి ఉంచాలి. పడిపోయేది నడిపేవారే అయితే, దాన్ని తెరవవలసింది వారే.