ఒంగోలు గిత్త: రెండు దేశముల ఉమ్మడి సొత్తు



మన గుండ్లకమ్మ ప్రాంతపు గిత్తకు నేడు బ్రెజిలు దేశమున కోట్లకొలది సంతానము గలదు. అచ్చట దానిని ‘నెలోరె’ యందురు. ఒంగోలు తాలూకా 1904 వరకును నెల్లూరు జిల్లాలోనిది గనుక ఆ పేరు. మన యూరి పేరు మరుగుపడినందులకు నాకు కొంత చిన్నతనమే!

పందొమ్మిదవ శతాబ్దమునుండియే మన పశువులు ఓడలెక్కినను, అక్కడి మందలను తీర్చిన మేలుజాతి గిత్తలనేకము 1960 తరువాతి కొలదియేండ్లలో వెళ్లినవి. అందొకటి మన కరవది గ్రామపు పేరనే ప్రసిద్ధి కెక్కినది. ఎండకును, పిడుదులకును ఓర్చుట ఈ జాతి గుణము. 2023లో అచ్చట ‘వియాతినా-19’ అను ఆవునందలి మూడవవంతు హక్కు మాత్రమే వేలమున 14 లక్షల డాలర్లు దాటినది.

ఇక్కడనో, ట్రాక్టరు వచ్చి దుక్కి తీసికొన్నది. మిరప, పొగాకు వేసిన చేను చొప్ప నీయదు. పశువుల బీళ్లును తరిగినవి. చదలవాడ క్షేత్రమును, గుంటూరు లాం పరిశోధనస్థానమును సర్కారు నడుపుచున్నను, ఊరిలో గిత్తను మేపు రైతు ఖర్చు రైతుదే. బండలాగుడు పందెముల మోజైనను లేకున్న ఇంకెన్ని కొట్టములు ఖాళీయగునో!

లాభపడినవారు మూలమును కాపాడ ధనమీయవలదా? 1992 నాటి జీవవైవిధ్యపు ఒడంబడిక ఏ దేశపు జీవసంపదపై ఆ దేశమునకే అధికారమన్నది. లాభములో వంతు నిచ్చు పద్ధతిని 2010లో నగోయా ఒప్పందము నిర్ణయింపగా, 2014లో అది అమలునకు వచ్చినది. బ్రెజిలు 2021లో చేరినది. కాని ఈ కట్టుబాట్లకు పూర్వమే మన గిత్తలు దాటిపోయినవి. అరణముగా నిచ్చిన ఆవు దూడలలో పాలడుగుట యెట్లు? దావాకంటె పొత్తు మేలని నా తలంపు: వారి ధనమును, వంశావళి లెక్కలును, పిండముల విద్యయు ఇటు రావలెను, మన మందలు అటువారికిని మూలధనమై నిలువవలెను.

ఇకమీది బేరములకు మాత్రము 2002 నాటి మన చట్టము గలదు. విదేశీయుడు మన జీవసంపదను గొనిపోవలెనన్న చెన్నపట్టణమునందలి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ యనుమతి పొంది, లాభమున వంతు నొప్పుకొనవలెను. ఆ చట్టము ప్రకారమే ప్రతి పంచాయతీకిని ఒక జీవవైవిధ్య సంఘమును, నిధియును, ఊరి జీవసంపదను వ్రాసియుంచు రిజిస్టరును ఉండవలెను. మీ యూరి రిజిస్టరు తెప్పించి చదివింపుడు. గిత్తల పుట ఖాళీగానున్న, ఎవరి కొట్టమున ఏ గిత్త యున్నదో, దాని తల్లి ఏ యింటిదో తెలిసిన వృద్ధులున్నపుడే వ్రాయింపుడు.