గూడబాతు కడుపులో పురుగు.. మన నారి కురుపుకి చుట్టమే!

మాది కొత్తచెరువు. పేరులోనే చెరువున్నా, వానలు మొహం చాటేస్తే అందులో నీళ్లుండవు. నిండిన ఏడాది మాత్రం కొంగలు దిగుతాయి. వాటికి దొరికే చేపలోనే ఒక్కోసారి ఓ పురుగు కాచుకుని కూర్చుంటుందని మీకు తెలుసా?

2022 జనవరిలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వార్తల్లోకెక్కింది. అక్కడ వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. కారణం నులిపురుగుల్లాంటి పరాన్నజీవులు. 2017-18లో కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనూ ఇదే జరిగింది.

గూడబాతుల్లో కనిపించే ఇలాంటి పురుగుల్లో ఒకటి కాంట్రసీకం. దీని ప్రయాణం చూడండి. పక్షి కడుపులో గుడ్లు పెడుతుంది. అవి రెట్టతో నీళ్లలో పడతాయి. పొదిగిన పిల్లల్ని సైక్లాప్స్ లాంటి చుక్కంత నీటి జీవులు మింగుతాయి. వాటిని చేప తింటుంది. చేపను గూడబాతు తింటుంది. కథ మళ్లీ మొదటికి! నాలుగు పురుగులుంటే పక్షి తట్టుకుంటుంది. వందలైతే పొట్టలో పుండ్లు పడి, తిండి ఒంటబట్టక చిక్కిపోతుంది.

ఈ సైక్లాప్స్ మనకి కొత్తేం కాదు. మా అవ్వ చెప్పే నారి కురుపును మోసింది కూడా ఇదే. దిగుడు బావి నీళ్లతో పాటు అది కడుపులోకి పోతే, ఏడాది తర్వాత కాలులోంచి దాదాపు మీటరు పొడవు పురుగు బయటికొచ్చేది. మంటకి ఆ కాలు మళ్లీ బావి నీళ్లలో పెడితే, పురుగు అక్కడే పిల్లల్ని వదిలేది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండేది. దీనికి మందు లేదు, టీకా లేదు. అయినా పోయింది! నీళ్లు గుడ్డతో వడకట్టారు, మెట్ల బావులు మార్చారు, సైక్లాప్స్ చావడానికి బావుల్లో మందు కలిపారు. దేశంలో ఆఖరి కేసు 1996లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకి సర్టిఫికెట్ ఇచ్చింది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, గొలుసులో ఒక్క లింక్ తెంపితే ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. కానీ గూడబాతుకి నీళ్లు ఎవరు వడకట్టిస్తారు? అడవి పక్షికి మాత్ర ఎవరు మింగిస్తారు? పైగా మా కరువు సీమలో చెరువు ఎండేకొద్దీ రెట్ట, చేప, పక్షి అన్నీ ఒకే గుంటకి చేరతాయి. పురుగుకి అంతకంటే ఏం కావాలి?

మా జిల్లాలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. ఊరోళ్లు ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. అలాంటి చోట వరసగా పక్షులు రాలిపోతుంటే రీల్ తీసి వదిలేయకండి. ముట్టుకోకుండా, వెంటనే అటవీ శాఖకి ఫోన్ చేయండి. పోస్ట్‌మార్టం చేస్తేనే విషమా, జబ్బా, పురుగా అనేది తేలుతుంది. ఏ లింక్ తెంపాలో అప్పుడే తెలుస్తుంది.