కారుకు అదనపు 'ఎర్తు' తీగలు అవసరమా?

మోటారు కారులో దీపమునకు పోయే తీగ సాధారణముగా ఒకటే. ఇంట్లో బల్బుకు రెండు తీగలుండునని ఎరిగిన విద్యార్థి, మరి తిరుగు తీగ ఎక్కడ అని అడుగక మానడు. కారు ఇనుప బాడీయే ఆ రెండవ తీగ. బాటరీ ఋణధ్రువమును లావుపాటి తీగలతో బాడీకి, ఇంజనుకు కలుపుతారు. దీపములు, హారను, స్టార్టరు వీటి గుండా పోయిన విద్యుత్తు ఆ లోహము మీదుగానే బాటరీకి చేరును. మెకానిక్కులు దీనినే 'ఎర్తు' అంటారు. రబ్బరు టైర్లపై నిలిచిన బండికి భూమితో సంబంధమేమీ లేదు. అది పేరు మాత్రమే.

ఈ ఎర్తుకు తోడుగా రంగురంగుల తీగల కట్టలను, 'వోల్టేజి స్టెబిలైజరు' అను చిన్న పెట్టెలను అమ్ముచున్నారు. ఇంజను బలము పెరుగుననీ, పెట్రోలు ఆదా అగుననీ వారి మాట. నిజమెంతో ఓమ్ సూత్రమునే అడుగుదము.

స్టార్టరు తిరుగునపుడు 150 ఆంపియర్ల ప్రవాహమున్నదనుకొనుడు. 25 చదరపు మిల్లీమీటర్ల మందము, అర మీటరు పొడవు గల రాగి తీగ నిరోధము సుమారు 0.00035 ఓము. దానిలో పోవునది 0.05 వోల్టు. పక్కనే అటువంటిదే మరొక తీగ వేసినచో అందులో సగము మిగులును. 12 వోల్టులలో ఇదెంత? ఇంజను అందుకొన్న పిమ్మట స్టార్టరు ప్రవాహమే ఉండదు గనుక ఆ కాస్త లాభమూ ఉండదు.

కాని బాటరీ కొనపై తెల్లని, పచ్చని పొడి పేరుకొని అతుకు నిరోధము 0.01 ఓముకు పెరిగినదనుకొనుడు. ఇప్పుడు పోవునది 1.5 వోల్టు! 225 వాట్లు ఆ అతుకులోనే వేడిగా మారును; స్టార్టరు మూలుగును. క్రొత్త తీగలు వేయించుకొన్న కొందరు బండి బాగుపడినదని చెప్పుట అబద్ధము కాకపోవచ్చును. వేయునపుడు పాత అతుకును విప్పి, గీకి, బిగించియుందురు. గుణము గీకుటది, పేరు తీగది!

ఇక ఆ పెట్టె. అందులో ముఖ్యముగా ఉండునది కెపాసిటరు. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు 14 వోల్టుల వద్ద నిలువచేయు శక్తి సుమారు 1 జౌలు. 21 వాట్ల బల్బును సెకనులో ఇరవయ్యవ వంతు కాలము వెలిగించును. 45 ఆంపియరు-గంటల బాటరీలోనో, 19 లక్షల జౌళ్ళకు పైమాటే. పైగా వోల్టేజిని అదుపు చేయుటకు కారులో రెగ్యులేటరు ముందే ఉన్నది.

డబ్బు పెట్టదగిన చోటు ఒకటున్నది. కొన్ని పాత కార్లలో హెడ్‌లైట్ల ప్రవాహమంతయు సన్నని తీగల గుండా, డ్రైవరు ముందరి స్విచ్చి గుండా పోవును. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి 10 శాతము తగ్గినచో వెలుగు సుమారు 30 శాతము తగ్గును. దీపము లేని ఎద్దుబండి రాత్రి రోడ్డుపై ఎంత దూరమున కనబడునన్నది దీనిపై ఆధారపడును. అట్టి కారుకు రిలే పెట్టి, బాటరీ నుండి ఫ్యూజుతో లావు తీగ వేయించుట సార్థకమే.

ముందు కొలిచి చూడవలెను. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, మల్టీమీటరు కొనలలో ఒకటి బాటరీ ఋణధ్రువపు సీసపు మొనకు (క్లాంపుకు కాదు), రెండవది ఇంజను లోహమునకు ఆనించి, మరొకరిచేత స్టార్టరు తిప్పించుడు. చేతులు ఫ్యాను బెల్టుకు దూరముగా ఉండవలెను. మీటరు 0.2 వోల్టుకు లోపు చూపినచో ఎర్తు బాగున్నట్లే. అరవోల్టు దాటినచో అతుకులను విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన తరువాత బిగించి వాసెలిన్ పూయవలెను. విప్పునపుడు ఋణధ్రువమును ముందు విప్పుడు. లేకున్న ధనధ్రువము విప్పు పానా బాడీకి తగిలి నిప్పులు రాలును.