బడి కమిటీ చేతిలో ఏముంది?

సర్కారు బడి బాగుపడేది చట్టంతోనా, ఊరివాళ్ల పూనికతోనా అని తరచూ వాదించుకుంటాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చదివితే ఆ ప్రశ్నే మారిపోతుంది. ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలని 21వ సెక్షన్ చెబుతోంది. బడికి ఏం కావాలో ఆ కమిటీయే ప్రణాళిక రాయాలి. ప్రభుత్వమిచ్చే నిధులకు అదే ఆధారమని 22వ సెక్షన్. ఊరికి బడిలో అధికారమిచ్చింది చట్టమే.

ఆచరణలో ఆ అధికారం చాలాచోట్ల సంతకం దగ్గరే ఆగిపోతోంది. చైర్‌పర్సన్ కూలికి వెళ్లే తల్లి అనుకోండి. పగలు మీటింగు పెడితే ఆ రోజు కూలి పోయినట్టే. వచ్చినా, ఏ పద్దు కింద ఎంత ఖర్చుపెట్టాలో పైనే తేల్చేసి ఉంటారు. వానకు తరగతి గది కారుతున్నా సున్నానికి వచ్చిన డబ్బు సున్నానికే. హెడ్మాస్టరు చూపించిన చోట సంతకం పెట్టి వెళ్లిపోతుంది. ఆ తల్లికి శ్రద్ధ లేదనడం అన్యాయం.

డబ్బు చేతికిస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు–నేడు’ తొలిదశలో 15,715 బడుల్లో పనులు చేపట్టారు. నిధులు తల్లిదండ్రుల కమిటీల ఖాతాల్లో వేశారు. ఎన్ని సిమెంటు బస్తాలు దిగాయి, మరుగుదొడ్డికి నీళ్ల కనెక్షన్ ఇచ్చారా లేదా అని నిలదీసే హక్కు తమకుందని ఎందరో తల్లులకు అప్పుడే తెలిసింది.

అయితే ఊరు ఎంత పూనుకున్నా టీచరు పోస్టు మంజూరు చేయలేదు. చట్టం లెక్క ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. అయిదు తరగతులకు ఆ ఇద్దరే. అందులో ఒకరు బదిలీ అయితే కలిగిన ఊరు చందాలేసుకుని వాలంటీరును పెట్టుకుంటుంది. పేద ఊళ్లో ఆ చందా ఎవరిస్తారు? ఊరి స్తోమతును బట్టి పిల్లల చదువు ఉండకూడదు కాబట్టి ఈ బాధ్యత ప్రభుత్వానిదే.

కమిటీ మీటింగులు పనులు ముగిశాక, సాయంత్రం పూట పెట్టాలి. జమాఖర్చులు బడి గోడ మీద తెలుగులో రాయాలి. కమిటీ అడిగినదాన్ని కాదంటే ఎందుకు కాదన్నారో మండల విద్యాధికారి రాతపూర్వకంగా చెప్పాలి. 22వ సెక్షన్‌లో ఆ బాధ్యత లేదు. చట్టాన్ని సవరించేవాళ్లు ముందుగా చేర్చాల్సింది అదే.