వ్యక్తి స్వాతంత్ర్యము – పంచాయతీ సభ్యుల బాధ్యత

“ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అను సామెతను వినని తెలుగువారు అరుదు. నలుగురు నడచు త్రోవను విడిచి తన త్రోవను తాను పోవువానిని పరిహసించుటకు ఈ మాటను వాడుదురు. పరిహాసముతో ఆగినచో చిక్కు లేదు. కాని ఆ ఒక్కనిని బలవంతముగా దారికి తెచ్చుటకు ఊరంతయు పూనుకొన్నప్పుడు పంచాయతీ సభ్యుడు ఏ పక్షమున నిలువవలెను? రాజనీతి శాస్త్రమున వ్యక్తి స్వాతంత్ర్యమని చెప్పబడు విషయము పండితులు మాత్రమే చర్చించుకొనునది కాదు. అది మన రచ్చబండకు వచ్చు ప్రశ్నయే.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక గ్రామములో ఒక షెడ్యూల్డు కులపు కుటుంబమువారు తరతరములుగా ఊరిలో చావు జరిగినప్పుడెల్ల డప్పు వాయించుచున్నారనుకొనుడు. ఆ ఇంటి యువకుడు పట్టణములో వేరు పని నేర్చి వచ్చి, “ఇకమీదట నేను డప్పు వాయించను” అనెను. పెద్దలు కూడి, అతడు మరల ఒప్పుకొనువరకు అతనికి ఎవరును సరకులు అమ్మరాదనియు, కూలికి పిలువరాదనియు కట్టడి చేసిరి. పదిమందిలో తొమ్మండుగురు చేతులెత్తిరి. ఎక్కువమంది ఒప్పుకొన్నారు గదా, ఇది న్యాయమే యని కొందరనవచ్చును. ఇది న్యాయమగునా?

ఇట్టి ప్రశ్నను ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ప్రకటించిన “ఆన్ లిబర్టీ” అను గ్రంథమున విచారించెను. పూర్వకాలమున స్వాతంత్ర్యమనగా రాజుల నిరంకుశత్వము నుండి ప్రజలకు రక్షణ యని తలచెడివారు. ప్రజలే తమ్ము తాము ఏలుకొనునప్పుడు ఇక భయమేమియు ఉండదని పలువురు నమ్మిరి. మిల్ అట్లు నమ్మలేదు. ఎక్కువమంది కూడి తక్కువమందిని అణచవచ్చుననియు, ప్రభుత్వపు శిక్ష కంటె ఇరుగుపొరుగువారి కట్టుబాటు మనిషిని మరింత గట్టిగా బంధింపగలదనియు ఆయన హెచ్చరించెను.

ఆయన ఒక హద్దు గీసెను. ఒకని చేతలవలన ఇతరులకు హాని కలుగునప్పుడు మాత్రమే సంఘము వానిని బలవంతముగా ఆపవచ్చును. వాని మేలుకొరకే యని చెప్పి కూడ బలవంతము చేయరాదు. వానికి నచ్చచెప్పవచ్చును, బతిమాలవచ్చును, వానితో వాదింపవచ్చును; శిక్షింపరాదు.

ఈ స్వేచ్ఛవలన లాభము ఆ ఒక్కనికే కాదు, ఊరికిని కలదు. ఒక్కడు చెప్పిన మాట నిజమైనచో, వాని నోరు మూసిన ఊరు ఆ నిజమును పోగొట్టుకొనును. అది తప్పైనను, దానితో వాదించినప్పుడే మన మాటలోని బలము మనకు తెలియును. ఆడపిల్లను మొట్టమొదట బడికి పంపిన తండ్రిని ఆనాడు ఊరు ఏమని ఉండునో ఊహించుకొనుడు. నేడు అందరును ఆ బాటనే నడచుచున్నారు.

ఇచ్చట ఒక విషయము చెప్పక తప్పదు. మిల్ 1823 నుండి 1858 వరకు లండనులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా పనిచేసెను. వెనుకబడినవని తాను తలచిన సమాజములకు ఈ సూత్రము వర్తింపదని ఆయన తన గ్రంథముననే వ్రాసెను. మన దేశమును ఆయన ఆ కోవలోనే చేర్చెను. ఆయన మనకు తగదన్న ఆ స్వాతంత్ర్యమును 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ధనిక, పేద, కుల, మత, స్త్రీ, పురుష భేదము లేక ప్రతి పౌరునికి ఇచ్చినది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెట్టుచు డాక్టరు అంబేద్కరు, గ్రామమును కాక వ్యక్తినే మూలముగా తీసికొన్నందుకు సంతోషము వెలిబుచ్చెను. గ్రామములలోని సంకుచితత్వమును ఆయన తీవ్రముగా విమర్శించెను. సభ్యులు పలువురు ఆ విమర్శతో ఏకీభవింపలేదు. తుదకు గ్రామ పంచాయతీల స్థాపనను రాజ్యము చేపట్టవలెనను 40వ అధికరణము రాజ్యాంగమున చేరినది. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చినది. ఈ విధముగా వ్యక్తికి హక్కులు, పంచాయతీకి అధికారములు ఒకే రాజ్యాంగము నుండి వచ్చినవి. ఒకటి రెండవదానిని మ్రింగరాదు.

సభ్యులు ముఖ్యముగా గుర్తింపవలసినది మరియొకటి కలదు. ప్రాథమిక హక్కుల విషయమున “రాజ్యము” అనగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు మాత్రమే కాదు. 12వ అధికరణము ప్రకారము స్థానిక సంస్థలును అందు చేరును. కావున ఢిల్లీ ప్రభుత్వము చేయరానిది మన పంచాయతీయు చేయరాదు. పంచాయతీ తీర్మానము ఏకగ్రీవమైనను, ప్రాథమిక హక్కునకు విరుద్ధమైనచో చెల్లదు.

ఇక ఆ యువకుని సంగతి చూతము. 19వ అధికరణము ప్రకారము ఇష్టమైన వృత్తిని చేపట్టుట అతని హక్కు. 23వ అధికరణము వెట్టిచాకిరిని నిషేధించినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. షెడ్యూల్డు కులముల, తెగల వారిని ఇతరులు సాంఘికముగా గాని, ఆర్థికముగా గాని వెలివేయుట, 2015లో సవరింపబడిన 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము క్రింద శిక్షింపదగిన నేరము. కావున ఆ తొమ్మండుగురు చేసినది న్యాయము కాదు, నేరము. వివాహ విషయమునను ఇట్లే. ఈడు వచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసికొను పెండ్లిలో ఏ కుల సభయు, గ్రామ సభయు జోక్యము చేసికొనుట చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది.

అట్లని వ్యక్తి స్వాతంత్ర్యమనగా విచ్చలవిడితనము కాదు. ఒకడు త్రాగునీటి బావి ప్రక్కన పెంటకుప్ప వేసినచో, దారిని ఆక్రమించి గోడ కట్టినచో, మురుగునీటిని పొరుగువారి వాకిటిలోనికి వదలినచో, “నా ఇష్టము” అనుటకు వీలులేదు. అచ్చట ఇతరులకు హాని కలదు. చట్టప్రకారము ఆపుట పంచాయతీ ధర్మము. ఒకడు ఏ దేవుని కొలుచును, ఎవరికి ఓటు వేయును, ఏ పని చేసికొని బ్రతుకును, వితంతువు మరల పెండ్లాడునా లేదా అనునవి పంచాయతీ విచారింపదగినవి కావు.

సందేహము కలిగినప్పుడు సభ్యుడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ మనిషివలన ఇతరులకు నిజముగా హాని కలుగుచున్నదా, లేక మనకు నచ్చకపోవుట మాత్రమేనా? ఆపుటకు చట్టము మనకు అధికారమిచ్చినదా? ఇదే పనిని పలుకుబడి గలవాడు చేసినచో మనము ఇట్లే తీర్మానింతుమా?

అట్టి కట్టడి జరుగుచున్నదని తెలిసినప్పుడు సభ్యుడు మౌనముగా ఉండరాదు. అది చట్టవిరుద్ధమని సభలోనే చెప్పవలెను. పంచాయతీ కార్యాలయమును గాని, చాటింపును గాని అందులకు వాడనీయరాదు. ఆ ఇంటికి కుళాయి నీరు, వీధి దీపము, చౌకధరల దుకాణపు బియ్యము ఆగకుండ చూడవలెను. అవసరమైనచో తహసీలుదారునకు, పోలీసువారికి తెలుపవలెను. అట్లు చెప్పిన సభ్యుడు ఆ దినమున సభలో ఒంటరివాడు కావచ్చును. ఊరందరిలో ఉలిపికట్టె అనిపించుకొనవచ్చును. అయినను రాజ్యాంగము అతని పక్షముననే ఉన్నది.